ఏడో నెలలో పన్ను పోటు: పురుడయ్యేదాకా ఓర్చుకోవాల్సిన పని లేదు

ప్రశ్న: నాకు 24 ఏళ్లు. మాది మందస మండలంలో ఒక పల్లె. ఇది తొలి కాన్పు, ఇప్పుడు 29 వారాలు. కుడివైపు కింది దవడ పన్ను ఎప్పటి నుంచో పిప్పిగా ఉంది. రెండు వారాలుగా భరించలేని పోటు. పగలు ఎలాగో గడుస్తోంది గానీ రాత్రి పడుకుంటే చెవి దాకా, కణత దాకా లాగేస్తోంది. చల్లటి నీళ్లు పుక్కిట పట్టుకుని కూర్చుంటే కాసేపు తెరిపిగా ఉంటుంది. మా ఆయన చెన్నైలో పని చేస్తున్నారు. మరిది కాశీబుగ్గ వెళ్లి మెడికల్ షాపులో మాత్రలు తెచ్చాడు. వేసుకుంటే కాసేపు ఆగుతుంది, తర్వాత మళ్లీ మామూలే. ఒక పళ్ల డాక్టరు దగ్గరికి వెళితే "కడుపుతో ఉన్నవాళ్లకు చెయ్యం, డెలివరీ అయ్యాక రండి" అని పంపేశారు. ఇప్పుడు పన్ను పీకిస్తే కడుపు పోతుందని, మత్తు సూది వేస్తే బిడ్డకు మెదడు ఎదగదని మా అత్తగారి భయం. వాళ్ల అత్తగారేమో చుట్ట పొగ పుక్కిట పట్టమంటున్నారు. మామగారికి కిడ్నీ జబ్బు, డయాలసిస్‌కు తిప్పుతున్నాం. ఇంత కష్టంలో నా పన్ను గోల కూడా వాళ్ల మీద పడెయ్యాలని లేదు. ఇంకో రెండున్నర నెలలు ఓర్చుకుంటే సరిపోతుందా?

సమాధానం:

సరిపోదు తల్లీ. ఓర్చుకోవద్దు. ఏడో నెలలో ఈ పన్నుకు వైద్యం చేయించుకోవచ్చు, చేయించుకోవాలి. అది నీకూ బిడ్డకూ మంచిదే. ఇప్పుడు నువ్వు చేస్తున్న రెండు పనులే, అంటే షాపు మాత్రలు మింగడం, పన్నును అలాగే వదిలేయడం, నాకు ఎక్కువ ఆందోళన కలిగిస్తున్నాయి.

ముందు ఆ మాత్రల సంగతి చూద్దాం. మరిది షాపులో "పన్ను నొప్పికి మాత్ర ఇవ్వండి" అని మాత్రమే అడిగి ఉంటాడు. కడుపుతో ఉన్న మనిషికని చెప్పి ఉండడు. అలా అడిగితే మన దగ్గర సాధారణంగా చేతికి వచ్చేవి డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, కెటోరోలాక్ ఉన్న మాత్రలు. ఆ స్ట్రిప్ వెనక్కి తిప్పి చిన్న అక్షరాలు చదువు. ఈ పేర్లలో ఏది కనిపించినా, నిమెసులైడ్ అని ఉన్నా, ఈ రోజు నుంచి మానెయ్యి. పక్కన "పారాసెటమాల్" అని కూడా రాసి ఉండొచ్చు. రెండు మందులు కలిపిన మాత్రలు అవి. పారాసెటమాల్ పేరు చూసి మోసపోవద్దు.

ఎందుకు మానాలో చెబుతాను. ఐదో నెల దాటాక నీ కడుపులో ఉమ్మనీరు చాలావరకు బిడ్డ పోసే మూత్రంతోనే తయారవుతుంది. ఈ రకం నొప్పి మాత్రలు బిడ్డ కిడ్నీల మీద పని చేసి ఆ మూత్రాన్ని తగ్గిస్తాయి, దాంతో ఉమ్మనీరు తగ్గుతుంది. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2020లో 20 వారాలు దాటిన గర్భిణులు వీటికి దూరంగా ఉండాలని హెచ్చరించింది ఇందుకే. ఇక ఏడు, ఎనిమిది నెలల్లో ఇంకో ప్రమాదం ఉంది. బిడ్డ గుండె దగ్గర ఒక రక్తనాళం పుట్టేదాకా తెరిచే ఉండాలి. ఈ మాత్రల వల్ల అది ముందే మూసుకుపోవచ్చు. నువ్వు సరిగ్గా ఆ నెలల్లోనే ఉన్నావు.

ఇది చదివి ఏడుస్తూ కూర్చోకు. కొన్ని రోజులు వాడినంత మాత్రాన బిడ్డకు ఏదో అయిపోయిందని కాదు. ఉమ్మనీరు తగ్గినా, మందు ఆపేశాక చాలామందికి కొద్ది రోజుల్లోనే మళ్లీ పెరుగుతుంది. కాకపోతే నీకు కాన్పు చూసే డాక్టరమ్మకు ఈ సంగతి దాచకూడదు. స్ట్రిప్ చేతిలో పట్టుకుని వెళ్లి, ఎన్ని రోజులు ఎన్నేసి వేసుకున్నావో చెప్పు. ఉమ్మనీరు ఎంత ఉందో, బిడ్డ గుండె ఎలా ఉందో స్కాన్‌లో చూస్తారు. ఈ వారంలోనే వెళ్లు.

ఇంకో మాట. మీది ఉద్దానం. మందస, పలాస, వజ్రపుకొత్తూరు, సోంపేట, కంచిలి, కవిటి, ఇచ్ఛాపురం వైపు కిడ్నీ జబ్బుతో ఎన్ని కుటుంబాలు నలిగిపోయాయో నాకంటే నీకే బాగా తెలుసు. మీ మామగారికి డాక్టర్లు మొదట చెప్పే జాగ్రత్తల్లో ఒకటి, నొప్పి మాత్రలు సొంతంగా మింగొద్దని. ఆయనకు వద్దన్న రకం మాత్రే ఇప్పుడు నీ చేతిలో ఉంది. ఈ ఒక్క మాట చెబితే మీ ఇంట్లో అందరికీ వెంటనే అర్థమవుతుంది.

మరి ఈ రాత్రి గడిచేదెలా? గర్భిణికి నొప్పి తగ్గించడానికి డాక్టర్లు మొదట ఇచ్చేది ఒట్టి పారాసెటమాల్. నీకు లివర్ జబ్బు, ఆ మందు పడకపోవడం లాంటివి లేకపోతే 650 మాత్ర ఒకటి వేసుకో. మళ్లీ వేసుకోవాలంటే కనీసం ఆరు గంటలు ఆగాలి. రోజు మొత్తంలో నాలుగు దాటకూడదు. జలుబు మాత్రల్లోనూ పారాసెటమాల్ ఉంటుంది కాబట్టి రెండూ కలిపి వేసుకోకు. రెండు రోజులకు మించి అవసరం పడుతోందంటే అది మాత్రతో పోయే నొప్పి కాదు, పన్నుకు పని పడిందని అర్థం.

పడుకునేటప్పుడు తల కింద రెండు దిండ్లు పెట్టుకుని ఎడమవైపు ఒత్తిగిలి పడుకో. పూర్తిగా వాలిపోతే తలకు రక్తం ఎక్కువ చేరి పోటు పెరుగుతుంది. రాత్రిళ్లు నీకు నరకంగా ఉండటానికి అదే ముఖ్య కారణం. తిన్న ప్రతిసారీ గ్లాసు గోరువెచ్చని నీళ్లలో అర చెంచా ఉప్పు వేసి పుక్కిలించు. పిప్పిలో అన్నం మెతుకు ఇరుక్కుంటే పోటు రెట్టింపవుతుంది, దాన్ని మెత్తని బ్రష్‌తో మెల్లగా తీసెయ్యి. గుండుసూదులు, పుల్లలు పెట్టి కెలకొద్దు. బుగ్గ మీద బయటి నుంచి చల్లటి తడిగుడ్డ వేసుకోవచ్చు. వేడి కాపడం మాత్రం వద్దు, లోపల చీము ఉంటే వాపు ఇంకా పెరుగుతుంది. తిండి మానకు. నమలలేకపోతే చోడి అంబలి, పెరుగన్నం, మెత్తగా ఉడికిన పప్పన్నం ఎడమ పక్కన తిను. ఈ నెలల్లో బిడ్డ బరువు పెరుగుతుంది, నువ్వు పస్తుంటే కుదరదు. మందస కోవా ఎంత ఇష్టమైనా ఆ పన్ను బాగయ్యేదాకా పక్కన పెట్టు.

లవంగ నూనె గురించి అందరూ అడుగుతారు. దూది మీద ఒక్క చుక్క, పిప్పిలో మాత్రమే తగిలేలా, ఎప్పుడైనా ఒకసారి పెడితే కాస్త మొద్దుబారుతుంది. చిగురుకు తగిలితే కాలుతుంది, మింగకూడదు. దానితో రోజులు నెట్టుకురావాలని చూడకు. జిల్లేడు పాలు పిప్పిలో పోయమని ఎవరైనా చెబితే అస్సలు దగ్గరికి రానీయకు. అది నోరు కాల్చే విషం. ఆస్పిరిన్ మాత్ర నూరి చిగురు మీద పెట్టడమూ అంతే, పుండు పడుతుంది. పంటి పురుగు తీస్తామని ఊళ్లలో తిరిగేవాళ్లకు డబ్బులివ్వకు. పన్నులో పురుగులు ఉండవు.

చుట్ట సంగతి నేను తేలిగ్గా తీసుకోలేను. మన జిల్లా తీర పల్లెల్లో అడ్డపొగ, అంటే చుట్ట మండే కొసను నోట్లో పెట్టుకుని కాల్చడం, తరాలుగా ఆడవాళ్లకు అలవాటు. దానివల్ల వచ్చే అంగిలి క్యాన్సర్ గురించి 1960ల నుంచీ మన శ్రీకాకుళం జిల్లాలోనే డాక్టర్లు ఊరూరా తిరిగి పరిశోధన చేశారు. పెద్దావిడ ప్రేమతోనే చెబుతున్నారు. పొగాకు కాసేపు నోటిని మొద్దుబార్చిన మాటా నిజమే. అయితే ఆ నికోటిన్ రక్తంలో కలిసి మావి దాటి బిడ్డకు చేరుతుంది. బిడ్డ బరువు తగ్గుతుంది, నెలలు నిండకుండా కాన్పయ్యే ప్రమాదం పెరుగుతుంది. నోట్లో పెట్టుకునే పొగాకు పొడులూ అంతే. చేతులెత్తి దండం పెట్టి, "డాక్టరమ్మ వద్దంది" అని నా మీద వెయ్యి.

ఇప్పుడు అసలు పన్ను దగ్గరికి వద్దాం. నువ్వు రాసిన గుర్తులు చాలా స్పష్టంగా ఉన్నాయి. రాత్రి పోటు, చెవి దాకా లాగడం, చల్లటి నీళ్లు పట్టుకుంటే తగ్గడం. పిప్పి పంటి లోపలి నరం దాకా వెళ్లిపోయినప్పుడు ఇలా ఉంటుంది. నోరు తెరిచి చూడకుండా ఖాయంగా చెప్పకూడదు కానీ నా అనుమానం అదే. పన్ను గట్టి పెంకు, లోపల వాచిన నరానికి వ్యాకోచించే చోటు లేదు. ఆ ఒత్తిడే నీ నొప్పి. దాన్ని ఏ మాత్రా తీయలేదు. పన్ను తెరిచి ఆ నరాన్ని తీసెయ్యాలి, లేదా పన్నునే తీసెయ్యాలి. యాంటీబయాటిక్ కోర్సు వాడినా ఈ దశలో నొప్పి తగ్గదు. చీము పట్టి వాపు, జ్వరం ఉన్నప్పుడే వాటి అవసరం, అదీ పన్ను పనితో పాటు.

ఒకటి గట్టిగా గుర్తు పెట్టుకో. ఉన్నట్టుండి ఒకరోజు నొప్పి మొత్తం మాయమైపోవచ్చు. ఇంట్లో అందరూ "హమ్మయ్య, తగ్గింది" అనుకుంటారు. చాలాసార్లు దాని అర్థం లోపలి నరం చచ్చిపోయిందని. అక్కడి నుంచి చీము వేరు కింద ఎముకలోకి దిగుతుంది, కొన్ని రోజులకో వారాలకో బుగ్గ వాచి బయటపడుతుంది. అది తొమ్మిదో నెలలో బయటపడితే నీ పరిస్థితి ఆలోచించు. కాబట్టి నొప్పి పోయినా డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిందే.

"డెలివరీ అయ్యాక రండి" అన్న డాక్టరు మాట నాకు బాధ కలిగించింది. వాళ్ల భయం ఏమిటో తెలుసు. గర్భిణికి వైద్యం చేశాక, దానితో సంబంధం లేకుండా ఏం జరిగినా తమ మీదికి వస్తుందని. ఆ భయానికి వైద్యంలో ఆధారం లేదు. అమెరికాలో ప్రసూతి వైద్యుల సంఘం 2013లోనే స్పష్టంగా చెప్పింది, గర్భం ఏ నెలలో ఉన్నా అవసరమైన పంటి చికిత్స, మత్తు ఇంజెక్షన్‌తో సహా, క్షేమమేనని. తొందర లేని పనులకు నాలుగు నుంచి ఆరు నెలల మధ్య కాలం సౌకర్యంగా ఉంటుందన్నది నిజమే. నీలాంటి పోటుకు మాత్రం ఏ నెలైనా ఆగకూడదు.

పైగా "డెలివరీ అయ్యాక" అనేది ఎప్పుడు వస్తుంది తల్లీ? మన ఇళ్లలో పురుడు పోసుకున్న మనిషిని మొదటి నెలలు గడప దాటనివ్వరు. ఆ తర్వాత రెండు గంటలకోసారి పాలివ్వాలి, చంటిబిడ్డను వదిలి డాక్టరు కుర్చీలో గంటసేపు కూర్చోవడం కుదరదు. అలా ఏడాది గడిచాక, మిగలాల్సిన పన్ను మిగలక నా దగ్గరికి వచ్చే బాలింతలను ఎంతోమందిని చూస్తున్నాను.

కాబట్టి ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్లాలి, ఈసారి చేతిలో కాగితంతో వెళ్లాలి. స్కాన్‌కు ఎలాగూ కాన్పు డాక్టరమ్మ దగ్గరికి వెళుతున్నావు కదా, ఆవిడను నాలుగు వాక్యాలు రాసిమ్మని అడుగు: ఎన్నో వారం, బీపీ, షుగర్, రక్తం ఎంత ఉన్నాయి, లోకల్ మత్తుతో పంటి చికిత్స చేయవచ్చా, ఏ మందులు ఇవ్వవచ్చు. ఆ కాగితం చూస్తే చాలామంది పళ్ల డాక్టర్లు వెనకాడరు. నీ మాతా శిశు సంరక్షణ కార్డు, రక్త పరీక్షల రిపోర్టులు, ఇప్పుడు వాడుతున్న మాత్రలన్నీ సంచిలో వేసుకెళ్లు. బీపీ రాకుండా కొందరు గర్భిణులకు చిన్న ఆస్పిరిన్ మాత్ర రోజూ ఇస్తుంటారు. నీకూ ఇస్తుంటే సొంతంగా ఆపకు, పళ్ల డాక్టరుకు మాత్రం ముందే చెప్పు. కుర్చీలో కూర్చోగానే, "ఏడో నెల సార్, నొప్పి తగ్గే పని మాత్రం ఇప్పుడు చెయ్యండి, మిగతాది పురుడయ్యాక చేయించుకుంటా" అను. డాక్టరు మనసులో బరువు సగం తగ్గుతుంది. నిజంగానే క్యాపులు, అందం కోసం చేసే పనులు ఆగగలవు. నరం తీసి, శుభ్రం చేసి, తాత్కాలికంగా మూసేస్తే నీ నొప్పి పోతుంది. చాలామందికి ఆ రాత్రే నిద్ర పడుతుంది.

ఎక్కడికి వెళ్లాలి? టెక్కలి జిల్లా ఆసుపత్రిలోనో, మీకు దగ్గర్లోని ప్రభుత్వ ఆసుపత్రిలోనో దంత వైద్యులు ఏ రోజుల్లో ఉంటారో మీ ఏఎన్ఎంతో గానీ ఆశా అక్కతో గానీ ముందు కనుక్కో. బస్సులో అంత దూరం వెళ్లి ఖాళీ గది చూసి తిరిగి రావడం ఈ నెలల్లో మంచిది కాదు. శ్రీకాకుళంలో రిమ్స్ ఉంది, పట్నాన్ని ఆనుకుని చాపురంలో డెంటల్ కాలేజీ ఉంది. డెంటల్ కాలేజీల్లో ఖర్చు సాధారణంగా బయటి క్లినిక్కుల కంటే తక్కువ, కాకపోతే ఓపిగ్గా కూర్చోవాలి. మీ వైపు వాళ్లకు బరంపురం వెళ్లడం కూడా అలవాటే, అక్కడైనా ఫర్వాలేదు. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు ఉచిత పరీక్షలు చేస్తారు. అది దగ్గర్లో ఉంటే ఆ రోజే డాక్టరుతో కాగితం రాయించుకోవచ్చు. దానికోసం వారాలు ఆగకు.

అక్కడ ఏం చేస్తారో తెలిస్తే సగం టెన్షన్ పోతుంది. మొదట చిన్న ఎక్స్‌రే తీస్తామనవచ్చు. భయపడకు. కిరణం నీ దవడ మీదే పడుతుంది, పొట్ట మీద సీసపు ఆప్రాన్ కప్పమని అడుగు. బిడ్డకు హాని జరుగుతుందేమోనని ఆలోచించాల్సిన రేడియేషన్ మోతాదు 50 మిల్లీగ్రేల (ఎక్స్‌రే కిరణాల కొలత అది) దగ్గర మొదలవుతుంది. ఒక పంటి ఎక్స్‌రేలో కడుపులోకి చేరేది అందులో వెయ్యో వంతు కూడా ఉండదు.

తర్వాత మత్తు ఇంజెక్షన్. ఆ మాటే మీ అత్తగారిని భయపెట్టింది. పెద్ద ఆపరేషన్లకు స్పృహ తప్పించే మత్తు కాదది. దవడలో ఆ కాస్త చోటే తిమ్మిరెక్కుతుంది, నువ్వు మెలకువగానే ఉంటావు. మందు పేరు లిగ్నోకైన్. కాన్పు సమయంలో కుట్లు వేసేటప్పుడు ఇచ్చే మందూ సాధారణంగా ఇదే. ఇజ్రాయెల్‌లో పళ్ల వైద్యం కోసం ఇలాంటి మత్తు ఇంజెక్షన్ తీసుకున్న 210 మంది గర్భిణులను, తీసుకోని 794 మందిని పోల్చి చూశారు. 2015లో ఆ ఫలితాలు వచ్చాయి. పుట్టిన బిడ్డల్లో లోపాలు గానీ, గర్భస్రావాలు గానీ, నెలలు నిండని కాన్పులు గానీ మత్తు తీసుకున్నవాళ్లలో ఎక్కువ కనిపించలేదు. నిజానికి మత్తు ఇవ్వకుండా నొప్పి భరించమనడమే తప్పు. విపరీతమైన నొప్పిలో నీ గుండె దడ, బీపీ పెరుగుతాయి, అది బిడ్డకు మంచిది కాదు.

కుర్చీలో ఎలా పడుకోవాలో మాత్రం నువ్వే చూసుకోవాలి, హడావిడిలో మర్చిపోతారు. ఏడో నెలలో పూర్తిగా వెల్లకిలా పడుకుంటే గర్భసంచి బరువు పెద్ద రక్తనాళం మీద పడి కళ్లు తిరుగుతాయి, చెమట పడుతుంది. కుడి నడుము కింద చిన్న దిండు గానీ మడత పెట్టిన దుప్పటి గానీ పెట్టించుకుని కాస్త ఎడమకు వాలు. కుర్చీ వీపును సగం మాత్రమే వంచమను. తల తిరిగితే వెంటనే చెయ్యెత్తు, ఎడమవైపు తిరిగి పడుకుంటే సర్దుకుంటుంది. ఖాళీ కడుపుతో వెళ్లకు, ఏదైనా తిని వెళ్లు. కూర్చునే ముందు ఒకసారి బాత్రూమ్‌కి వెళ్లిరా. పని ఎక్కువసేపు పట్టేలా ఉంటే రెండు సార్లుగా చేయమని అడగడంలో తప్పు లేదు.

యాంటీబయాటిక్ అవసరమైతే అమోక్సిసిల్లిన్ గర్భిణులకు ఎన్నో ఏళ్లుగా ఇస్తున్నారు, దానితో మెట్రోనిడజోల్ కలిపి కూడా రాస్తుంటారు. పెన్సిలిన్ పడకపోతే ముందే చెప్పు. డాక్సీసైక్లిన్, టెట్రాసైక్లిన్ బిడ్డ పళ్ల రంగు మార్చేస్తాయి, అవి వద్దు. పళ్ల ఇన్ఫెక్షన్‌కు మన దగ్గర తరచూ ఇచ్చే ఒఫ్లోక్సాసిన్ రకాలూ గర్భిణికి సాధారణంగా రాయరు. చీటీలో ఈ పేర్లు కనబడితే కాన్పు డాక్టరమ్మకు ఒక్క ఫోన్ చేసి అడిగాకే కొను.

కింద రాసింది మీ అత్తగారికి చదివి వినిపించు.

వదినగారూ, నమస్కారం. ఇంట్లో ఒక డయాలసిస్ మనిషిని చూసుకుంటూ, కడుపుతో ఉన్న కోడలి బాగు కోరుతూ మీరు పడుతున్న శ్రమ చిన్నది కాదు. మీ భయం ఎక్కడి నుంచి వచ్చిందో కూడా తెలుసు. మీ చిన్నప్పుడు ఎవరో పన్ను పీకించుకున్నారు, ఆ తర్వాత కడుపు పోయింది, ఆ రెండూ కలిపి చెప్పుకున్నారు. మొదటి నెలల్లో పోయే గర్భాల్లో చాలావరకు పిండంలోనే ఉన్న లోపాల వల్ల పోతాయి. పన్ను వాటికి కారణం కాదు. అమెరికాలో 800 మందికి పైగా గర్భిణులను రెండు జట్లు చేసి, ఒక జట్టుకు గర్భంలోనే చిగుళ్ల వైద్యం చేసి, ఇంకో జట్టుకు కాన్పయ్యాక చేసి చూశారు. 2006లో ఫలితం వచ్చింది. గర్భంలో వైద్యం చేయించుకున్నవాళ్లకు నెలలు తక్కువ కాన్పులు ఎక్కువేమీ కాలేదు. చీము వదిలేస్తేనే ప్రమాదం. జ్వరం, రక్తంలోకి పాకే విషం తల్లినీ బిడ్డనూ ఇబ్బంది పెడతాయి. ఇంకో సంగతి, బిడ్డ తల్లి పళ్లలోని సున్నం లాగేసుకుంటుందని అంటారు, అదీ నిజం కాదు. బిడ్డకు కావాల్సింది తల్లి తినే తిండి నుంచి వస్తుంది, తిండిలో చాలకపోతే ఎముకల నుంచి వస్తుంది, పన్ను నుంచి రాదు. అందుకే పాలు, పెరుగు, చోళ్లు, డాక్టరు ఇచ్చిన కాల్షియం మాత్రలు మానిపించకండి. కోడలితో పాటు ఆసుపత్రికి మీరే వెళ్లండి వదినగారూ. మీరు పక్కన ఉంటే ఆ పిల్లకు ధైర్యం, డాక్టరుకూ నమ్మకం.

ఇక నీకు, తల్లీ, "వాళ్ల మీద పడెయ్యాలని లేదు" అన్నావే, ఆ మాట దగ్గర ఆగిపోయాను. రెండు వారాలుగా నిద్ర లేకుండా ఉన్నావు. చెన్నైలో ఉన్న మీ ఆయనకు సంగతి మొత్తం చెప్పావా? "కొంచెం పన్ను నొప్పి" అని చెప్పి ఊరుకున్నావేమో. నొప్పి ఎంత ఉందో ఉన్నదున్నట్టు చెప్పు. అతను ఫోన్‌లో తల్లితో మాట్లాడితే పని తేలికవుతుంది. కన్నవారు దగ్గర్లో ఉంటే అమ్మనో అన్ననో తోడు పిలుచుకో. సాయం అడగడం భారం వెయ్యడం కాదు. ఈ పని ఆగి చీము పడితే అప్పుడు ఇంట్లో వాళ్లు ఒకేసారి రెండు ఆసుపత్రుల చుట్టూ తిరగాల్సి వస్తుంది.

డాక్టరు అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా వెంటనే పరుగెత్తాల్సిన సందర్భాలు చెబుతాను, ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి. బుగ్గ వాపు కంటి వైపు గానీ దవడ కింద మెడలోకి గానీ పాకడం, వంద డిగ్రీలు దాటిన జ్వరం, నోరు రెండు వేళ్లు పట్టేంత కూడా తెరుచుకోకపోవడం, ఉమ్మి మింగలేకపోవడం, నాలుక పైకి లేచినట్టు ఉండటం, ఊపిరి అందకపోవడం. వీటిలో ఏదున్నా అర్ధరాత్రైనా 108కి ఫోన్ చెయ్యండి. పన్నూ కాన్పూ రెండూ చూడగల పెద్దాసుపత్రికి, అంటే శ్రీకాకుళం రిమ్స్ లాంటి చోటుకు, తీసుకెళ్లమనండి. బిడ్డ కదలికలు తగ్గినా, ఉమ్మనీరు పోయినా, రక్తం కనిపించినా అంతే. ఇంకొకటి, వాపు ఒక బుగ్గకే ఉంటే పన్ను. మొహమంతా, చేతులూ వాచి, గట్టి తలనొప్పితో కళ్లు మసకబారితే అది బీపీ కావచ్చు. దాన్ని పన్ను ఖాతాలో వేసి ఊరుకోవద్దు, అదే రోజు బీపీ చూపించుకో.

మిగతా పళ్ల గురించి క్లుప్తంగా చెబుతాను. గర్భంలో చిగుళ్లు ఎర్రగా వాచి బ్రష్ చేస్తే రక్తం రావడం చాలామందికి ఉంటుంది, హార్మోన్ల వల్ల. రక్తం వస్తోందని బ్రష్ మానకు, మెత్తని బ్రష్‌తో రెండు పూటలా తోము. వాంతి అయిన వెంటనే తోమకు. కడుపులోని ఆమ్లం పంటి పైపొరను మెత్తబరుస్తుంది. ముందు నీళ్లలో చెంచా వంటసోడా కలిపి పుక్కిలించి, అరగంట ఆగి తోము. బిడ్డ పుట్టాక నీ నోట్లో పెట్టిన చెంచాను బిడ్డ నోట్లో పెట్టకు, పిప్పి తెచ్చే క్రిములు ఉమ్మి ద్వారానే అంటుకుంటాయి. నీ పిప్పి ఇప్పుడే బాగు చేయించుకుంటే ఆ క్రిములు కూడా తగ్గుతాయి.

ఈ వారం వరస ఇది. ఇవాళ షాపు మాత్రలు ఆపు, మీ ఆయనకు ఫోన్ చెయ్యి, ఏఎన్ఎంతో మాట్లాడు. రేపో ఎల్లుండో కాన్పు డాక్టరమ్మ దగ్గర స్కాన్ చేయించుకుని కాగితం రాయించుకో. వారం దాటకుండా పళ్ల డాక్టరు కుర్చీలో ఉండాలి. ఆ డాక్టరు కూడా కాదంటే వాదించకు, ఇంకో చోటుకు వెళ్లు. పని అయ్యాక, పురుటికి కన్నవారింటికి వెళ్లేలోపు, తాత్కాలికంగా వేసిన మూత ఊడలేదు కదా అని ఒకసారి చూపించుకుని వెళ్లు.